ఎవరి కోడ్ కింద పనిచేయాలి? రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి ఒక గృహరుణ ఏజెంటు బహిరంగ లేఖ

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు శ్రీ సంజయ్ మల్హోత్రా గారికి,



నేను హైదరాబాదు తూర్పు వైపున, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లో ఇంటి రుణాలు ఇప్పించే ఏజెంటును. ఏ బ్యాంకులోనూ ఉద్యోగిని కాను. బ్యాంకుల కాగితాల్లో మమ్మల్ని డైరెక్ట్ సెల్లింగ్ ఏజెంట్లంటారు, బజారులో డీఎస్ఏలంటారు. మూసారాంబాగ్ నుంచి హయత్‌నగర్ దాకా మా పని చేసేవాళ్లు లేని కాలనీ లేదు. ఇన్సూరెన్స్ కట్టిస్తూ ఈ పని చేసేవాళ్లున్నారు, రియల్ ఎస్టేట్‌లో తిరుగుతూ చేసేవాళ్లున్నారు, బ్యాంకులో కాంట్రాక్టు ఉద్యోగం పోయి ఇందులోకి వచ్చినవాళ్లున్నారు.

మీకు రాస్తున్నది ఒక్క సంగతి గురించి. ఈ పనిలోకి వచ్చిన మనిషి ఎవరి కోడ్ కింద పనిచేయాలో తేల్చుకునే తీరు గురించి. పైకి ఇది మా బతుకుదెరువు వ్యవహారం. కానీ ఆ ఒప్పందం ఎలా కుదిరిందన్నది చివరకు ఇల్లు కొన్న కుటుంబం ఇరవై ఏళ్లు కట్టే ఈఎంఐలో తేలుతుంది. అందుకే ఉత్తరం మీకు రాస్తున్నాను, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

కోడ్ అంటే బ్యాంకు గాని, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ గాని ఏజెంటుకు ఇచ్చే నంబరు. ఫైలు ఆ నంబరు కింద లాగిన్ అయితేనే, రుణం విడుదలయ్యాక కమీషను, మా మాటల్లో పేఅవుట్, పడుతుంది. కొత్తవాడికి నేరుగా కోడ్ దొరకడం కష్టం. నెలకు ఇంత వ్యాపారం తెస్తానని చూపించాలి, ఆఫీసు ఉండాలి, ఐటీ రిటర్నులు ఉండాలి. అవి లేనివాడు పదుల కొద్దీ సంస్థల కోడ్‌లు చేతిలో ఉన్న పెద్ద కార్పొరేట్ డీఎస్ఏ దగ్గర చేరతాడు. అక్కడ అతను సబ్ డీఎస్ఏ, లేదా కనెక్టరు. ఫైలు అతను తెస్తాడు, లాగిన్ వాళ్ల నంబరు మీద పడుతుంది. ఇంకొందరికి ఫ్రాంచైజీ అని చెబుతారు. బోర్డు కంపెనీది. అద్దె, కరెంటు బిల్లు, టెలీకాలర్ల జీతాలు మనవాడివి.

చేరేటప్పుడు జరిగే మాటలన్నీ ఒక్క అంకె చుట్టూ తిరుగుతాయి. “వాళ్లెంతిస్తున్నారన్నా? మేం దానికన్నా ఎక్కువిస్తాం.” ఇంటి రుణం మీద పేఅవుట్ మామూలుగా ఒక శాతానికి లోపే. సంస్థను బట్టి, నెల వ్యాపారాన్ని బట్టి మారుతుంది. అందులో పది పైసలు ఎక్కువ అనగానే కుర్రవాడు సంతకం పెట్టేస్తాడు. అడగాల్సినవి ఆ అంకెకు అవతల ఉన్నాయి. శాతం లెక్క శాంక్షన్ అయిన మొత్తం మీదా, విడుదలైన మొత్తం మీదా? నాగోల్‌లో కడుతున్న అపార్టుమెంటుకు రుణం స్లాబు స్లాబుకూ విడుదలవుతుంది. అంటే పేఅవుట్ కూడా ఏడాదిన్నర పాటు ముక్కలుగా రావాలి. మధ్యలో కంపెనీ మారితే మిగిలిన ముక్కలు ఎవరివి? కస్టమరు కొన్ని నెలలకే వేరే బ్యాంకుకు రుణం మార్చుకుంటే, ఇచ్చిన పేఅవుట్‌ను వెనక్కి లాక్కునే షరతు ఉందా, ఉంటే ఎన్ని నెలలకు? బ్యాంకు నుంచి డబ్బు వచ్చిన ఎన్ని రోజులకు మన ఖాతాలో పడుతుంది? బ్యాంకు ఆ ఫైలుకు అసలు ఎంత ఇచ్చిందో చూపించే కాగితం మనకు ఇస్తారా?

ఈ చివరి ప్రశ్నకు సమాధానం దొరకడం అరుదు. పైన ఎంత వచ్చిందో తెలియకుండా, కింద ఎంత ఇచ్చారో అదే న్యాయమని నమ్మాలి. నెల చివర వచ్చే ఫైళ్ల లెక్కలో, అంటే ఎంఐఎస్ షీటులో, మన ఫైలు ఇంకొకరి పేరు మీద కనిపిస్తే వాదించడానికి ఆధారం వాట్సాప్ సందేశాలే. ఒప్పందం ప్రతి చేతికి ఇవ్వని చోట్లు ఉన్నాయి. ఇచ్చిన చోట అది ఇంగ్లీషులో ఉంటుంది, తగాదా వస్తే ముంబైలోనో ఢిల్లీలోనో తేల్చుకోవాలని చివరి పేజీలో ఉంటుంది. సరూర్‌నగర్‌లో ఉండే మనిషి పదిహేను వేల రూపాయల పేఅవుట్ కోసం ముంబైకి వెళ్లి దావా వేయలేడు. ఈ సంగతి ఒప్పందం రాసినవాళ్లకు తెలుసు.

పన్నుల సంగతీ ఉంది. వ్యక్తిగా ఉన్న డీఎస్ఏ నేరుగా బ్యాంకుకో, బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీకో (ఎన్‌బీఎఫ్‌సీ) సేవ చేస్తే, 2018 జులై నుంచి ఆ జీఎస్టీ కట్టే బాధ్యత వాళ్లదే. మధ్యలో కార్పొరేట్ డీఎస్ఏ వస్తే ఆ వెసులుబాటు వర్తించదు. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ మనమే చేసుకోవాలి. చేరేటప్పుడు ఈ తేడాను విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టారో లేదో ఆదాయపు పన్ను శాఖ సైటు తెరిచి చూసుకోమని నేను కొత్తవాళ్లకు చెబుతుంటాను. చేసిన పనికి వాళ్ల దగ్గర ఉన్న ప్రభుత్వ సాక్ష్యం ఆ లెక్కొక్కటే.

ఏజెంట్లే లేకపోతే పోయేదిగా అని మీ కార్యాలయంలో ఎవరైనా అనవచ్చు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ, పేరున్న బిల్డరు దగ్గర ఫ్లాటు కొనే సాఫ్ట్‌వేర్ ఇంజినీరు విషయంలో అది నిజమే. ఆయనకు ఫోనులోనే శాంక్షన్ వస్తుంది. మా వైపు సంగతి వేరు. ఎల్బీనగర్ పరిధిలో ఎన్నో కాలనీల్లో ఏళ్ల తరబడి రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయి. వాటిని క్రమబద్ధీకరించడానికి ప్రభుత్వం 2022లో జీవో 118 తెచ్చింది. ఆ కాగితం చేతికొచ్చిన ఇంటిని ఏ సంస్థ లీగల్ ప్యానెల్ ఒప్పుకుంటుంది, ఏది వెనక్కి పంపుతుంది? తుర్కయాంజాల్, బడంగ్‌పేట వైపు పాత పంచాయతీ లేఅవుట్లలో లేఅవుట్ క్రమబద్ధీకరణ రుసుము (ఎల్ఆర్ఎస్) కట్టిన ప్లాటు ఎక్కడ నడుస్తుంది? పాత యజమానుల లింక్ డాక్యుమెంట్లలో ఒకటి పోతే ఏం చేయాలి? 2024లో మూసీ వెంట అధికారులు ఇళ్లకు గుర్తులు వేసినప్పటి నుంచి చైతన్యపురి, కొత్తపేటల్లో నదికి దగ్గరున్న ఇంటికి రుణమంటే ఎవరు ముందుకొస్తారు, ఎవరు రారు?

ఈ జవాబులు వీధుల్లో తిరిగే ఏజెంటుకే తెలుస్తాయి. ఆదాయాల సంగతీ అంతే. కొత్తపేటలో ఉన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారానికి తరలింది. అందులో పనిచేసినవాళ్ల ఇళ్లు ఇటే ఉన్నాయి. వాళ్ల సంపాదన చిట్టీ పుస్తకాల్లో ఉంటుంది, ఫారం 16లో ఉండదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పాఠం చెప్పే లెక్చరరుకు జీతంలో కొంత బ్యాంకులో, కొంత చేతిలో ఇస్తారు. ఇలాంటి కుటుంబాన్ని కూర్చోబెట్టి, వాళ్ల రాబడిని కాగితం మీదికి తెచ్చి, నప్పే సంస్థకు తీసుకెళ్లే మనిషి కావాలి. ఆ మనిషి మేమే. ఇది గౌరవంగా చేయదగ్గ పని. నేను ఈ పనిని ప్రేమిస్తాను కాబట్టే దీని పునాదుల గురించి మీకు చెబుతున్నాను.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. కర్మన్‌ఘాట్‌లో 40 లక్షల రుణం అవసరమైన కుటుంబం ఉందనుకుందాం. ఒక బ్యాంకు 8 శాతానికి ఇస్తుంది, ఏజెంటుకు 0.30 శాతం పేఅవుట్. ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ 9 శాతానికి ఇస్తుంది, పేఅవుట్ 0.60. బ్యాంకులో ఫైలు వేస్తే ఏజెంటుకు 12 వేలు, కంపెనీలో వేస్తే 24 వేలు. కుటుంబానికి ఇరవై ఏళ్ల గడువు మీద ఈఎంఐ బ్యాంకులో సుమారు 33,458, కంపెనీలో సుమారు 35,989. నెలకు రెండున్నర వేల తేడా, మొత్తం మీద 6 లక్షల పైచిలుకు. ఏజెంటుకు అదనంగా ముట్టిన 12 వేల కోసం ఆ ఇంటివాళ్లు కట్టేది ఆరు లక్షలు.

తేడా అక్కడితో ఆగదు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ ఇంటి రుణాలు మీ రెపో రేటు లాంటి బయటి ప్రమాణానికి ముడిపడ్డాయి, కనీసం మూడు నెలలకోసారి వడ్డీ మారాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ నియమం లేదు. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా మీరు రెపో రేటును ఒక శాతం తగ్గించారు. బ్యాంకులో రెపోకు ముడిపెట్టిన రుణం ఉన్నవాడికి ఆ మేలు నియమం ప్రకారం అందుతుంది. కంపెనీలో తీసుకున్నవాడికి ఎప్పుడు, ఎంత తగ్గించాలో కంపెనీయే నిర్ణయిస్తుంది. ముంబైలో మీరు తీసుకున్న నిర్ణయం కర్మన్‌ఘాట్‌లోని ఆ ఇంటికి చేరుతుందా లేదా అన్నది, ఒక ఏజెంటు ఆ రోజు ఎవరి కోడ్ కింద ఉన్నాడన్న దాని మీద కూడా ఆధారపడింది.

కంపెనీలన్నీ చెడ్డవని నా మాటలకు అర్థం కాదు. జీవో 118 ఇంటికి, చిట్టీ పుస్తకం ఆదాయానికి చాలాసార్లు వాళ్లే దిక్కు. అక్కడ 9 శాతం న్యాయమైన ధరే కావచ్చు. కానీ బ్యాంకుకు వెళ్లగలిగిన ఫైలును అక్కడికి నెట్టే బలం పేఅవుట్‌లో ఉంది. నెల టార్గెట్ అందుకోకపోతే పేఅవుట్ స్లాబు తగ్గిస్తామని పైవాడు, ఈ నెల ఫలానా కంపెనీకే లాగిన్‌లు వేయండని ఆ పైవాడు చెబుతుంటే, కిందున్న కనెక్టరు ఎంత మంచివాడైనా ఎన్నాళ్లు నిలబడతాడు? ఇంకో పద్ధతీ నడుస్తోంది. ఎక్కడో ఒకచోట పడకపోతుందా అని ఒకే కుటుంబం కాగితాలను నాలుగు సంస్థల్లో ఒకేసారి లాగిన్ చేస్తారు. సిబిల్ రుణ చరిత్రలో నాలుగు ఎంక్వైరీలు పడతాయి. ఆధార్, పాన్, జీతం చీటీలు ఎవరెవరి ఫోన్లలో తిరుగుతున్నాయో ఆ కుటుంబానికి తెలియదు. ఫైలు ఎవరు మోశారని రేపు ఎవరైనా అడిగితే కోడ్ ఉన్న పెద్ద సంస్థ పేరే వస్తుంది. ఇంటికొచ్చి కాగితాలు పట్టుకెళ్లిన మనిషి పేరు ఎక్కడా ఉండదు.

మీ సంస్థకు ఈ చీకటి కొత్త కాదు. తెలుగువారైన వై.వి. రెడ్డి గారు గవర్నరుగా ఉన్నప్పుడు, 2006 నవంబరులో, రిజర్వు బ్యాంకు ఔట్‌సోర్సింగ్ మార్గదర్శకాలు ఇచ్చింది. డీఎస్ఏ చేసే పనికి కూడా బ్యాంకే బాధ్యురాలని అవి చెప్పాయి. కాంట్రాక్టు తీసుకున్నవాడు కింద ఇంకొకరికి పని అప్పగించాలంటే బ్యాంకు ముందుగా ఒప్పుకోవాలనీ చెప్పాయి. దువ్వూరి సుబ్బారావు గారి కాలంలో, 2012లో, ఫ్లోటింగ్ ఇంటి రుణాన్ని ముందే తీర్చేస్తే బ్యాంకులు జరిమానా వేయకూడదన్నారు. మా కాలనీల్లో ఎన్నో కుటుంబాలు దానివల్ల బాగుపడ్డాయి. 2019 ఆగస్టులో హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల నియంత్రణ కూడా నేషనల్ హౌసింగ్ బ్యాంకు నుంచి మీ చేతికే వచ్చింది. అదే ఏడాది నవంబరులో హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీయైన డీహెచ్ఎఫ్ఎల్ బోర్డును మీరు పక్కన పెట్టాల్సి వచ్చింది. పేఅవుట్ ఒక్కటే చూసి ఒకే సంస్థను నమ్ముకున్న ఏజెంటుకు అలాంటి రోజు శాంక్షనై విడుదల కాని ఫైళ్లే మిగులుతాయి. 2024 అక్టోబరు నుంచి ప్రతి రిటైల్ రుణానికీ ముఖ్య షరతులన్నీ ఒకచోట చూపే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలన్నారు, అదీ రుణం తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో. చాలా మంచి పని. కానీ మాలాంటి బయటి ఏజెంటు తెచ్చిన మామూలు ఇంటి రుణంలో, అతని పేరుకు గాని, సంస్థ అతనికిచ్చే కమీషనుకు గాని ఆ కాగితంలో చోటు లేదు.

2025 మే నెలలో వచ్చిన డిజిటల్ లెండింగ్ ఆదేశాలు చదివినప్పుడు నాకు ఆశ కలిగింది. ఒక యాప్ పలు సంస్థల రుణాలు చూపిస్తుంటే, దొరికే ఆఫర్లన్నీ పక్కపక్కన పెట్టాలి, ఒకదాని వైపు మొగ్గేలా చూపకూడదని మీరే అన్నారు. ఫోను తెర మీద చెల్లే ఆ న్యాయం, సంచీ పట్టుకుని ఇంటికొచ్చే మనిషికి ఎందుకు చెల్లదు? ఆ యాప్‌లో తీసుకునే రుణం ఎక్కువగా చిన్నది. మా చేతుల మీదుగా నడిచేది ఒక కుటుంబం జీవితంలో చేసే అన్నిటికన్నా పెద్ద అప్పు.

మా వీధిలోనే చూడండి. ప్లాటు చూపించే బ్రోకరు రెరా కింద రిజిస్టరు కావాలి. మ్యూచువల్ ఫండ్ అమ్మేవాడు పరీక్ష రాసి ఏఆర్ఎన్ నంబరు తెచ్చుకోవాలి. అతనికి ముట్టే కమీషను 2016 నుంచి మదుపరికి వచ్చే అర్ధసంవత్సర స్టేట్‌మెంటులో రూపాయల్లో కనిపిస్తోంది. ఇన్సూరెన్స్ ఏజెంటుకు పరీక్ష ఉంది. అప్పు వసూలుకు వచ్చే రికవరీ ఏజెంటుకు కూడా శిక్షణ, సర్టిఫికెట్ ఉన్నాయి. అప్పు ఇప్పించేవాడికి మాత్రం అతనిదంటూ ఒక నంబరు లేదు.

అమెరికాలో ఈ లోటు ఎలా తీరిందో మన కుటుంబాలకు తెలియని సంగతి కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుని డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లిన పిల్లలు అక్కడ ఇళ్లు కొంటున్నారు. వాళ్లకు రుణం చేయించే లోన్ ఆఫీసరు కార్డు మీద ఎన్ఎంఎల్ఎస్ నంబరు ఉంటుంది. గృహరుణాల సంక్షోభం ముదిరిన 2008లో తెచ్చిన సేఫ్ చట్టంతో వచ్చింది అది. ఆ నంబరు మనిషిది. కంపెనీ మారినా మారదు. దాన్ని కొట్టి చూస్తే ఎక్కడెక్కడ పనిచేశాడో, అతని మీద చర్యలు ఏమైనా ఉన్నాయో ఎవరైనా చూడవచ్చు. 2011 నుంచి, రుణం వడ్డీ పెరిగిన కొద్దీ లోన్ ఆఫీసరు కమీషను పెంచడాన్ని అక్కడ నిషేధించారు. అక్కడా మన ఫ్రాంచైజీల వంటి పద్ధతి ఉండేది, నెట్ బ్రాంచి అనేవారు. పెద్ద సంస్థ లైసెన్సు కింద స్థానికుడు సొంత ఖర్చుతో శాఖ నడిపేవాడు. ప్రభుత్వ పూచీ ఉన్న ఎఫ్‌హెచ్ఏ రుణాల విషయంలో వాళ్ల గృహనిర్మాణ శాఖ 2000లోనే ఆ పద్ధతిని తప్పుపట్టింది. పేరు నీదైతే శాఖ ఖర్చు, సిబ్బంది జీతం కూడా నీవేనని సంస్థలకు చెప్పింది. అమెరికా వాళ్లు ఇదంతా లక్షల ఇళ్లు వేలానికి పోయిన తర్వాత పూర్తి చేశారు. మనం ముందే చేసుకోవచ్చు.

మీ నుంచి కోరేది ఇదీ. ఇంటి రుణం ఫైలు ముట్టుకునే ప్రతి ఏజెంటుకూ, సబ్ డీఎస్ఏ అయినా, కనెక్టరైనా, ఒక నంబరు ఇవ్వండి. అది అతని సొంతం కావాలి, కంపెనీతో పాటు పోకూడదు. ఒక చిన్న పరీక్ష పెట్టండి. అది తెలుగులోనూ రాసే వీలుండాలి. నంబరు కొట్టి చూస్తే అతను ప్రస్తుతం ఎవరి తరఫున తిరుగుతున్నాడో కస్టమరుకు కనిపించాలి. ఫైలు లాగిన్ అయిన రోజే ఆ నంబరు రుణ దరఖాస్తు మీద పడాలి. అప్పుడు ఎవరి ఫైలో నెల చివర వాదించుకునే పని ఉండదు. ఏజెంటు అంతకు ముందు తెచ్చిన ఫైళ్ల పేఅవుట్‌ను, అతను వెళ్లిపోయాడన్న సాకుతో ఆపకూడదని నియమం చేయండి. బోర్డు పెట్టించుకున్న సంస్థ ఆ ఆఫీసులో జరిగేదానికీ పూచీ పడాలి.

కమీషను వడ్డీ రేటును బట్టి పెరగకుండా చేయండి. ఒక సంస్థకూ ఇంకో సంస్థకూ మధ్య ఉన్న తేడా దీనితో పోదని నాకు తెలుసు. అందుకే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంటులో ఒక వరుస చేర్చండి. ఈ రుణం తెచ్చిన ఏజెంటు ఎవరు, అతనికి, అతని పైనున్న డీఎస్ఏకు కలిపి ముట్టేది ఎన్ని రూపాయలు. శాతంలో వద్దు, రూపాయల్లో. నా కమీషను నా కస్టమరు చూస్తే నాకు నష్టమని కొందరు తోటి ఏజెంట్లు భయపడతారు. వాళ్లతో నేను చాలాసార్లు మాట్లాడాను. ఆ కుటుంబానికి నేను చేసిన పని ఆ పన్నెండు వేలకు తగినది కాకపోతే, ఆ మాట వాళ్లు నా ముఖం మీద అడగాల్సిందే. జీవో 118 కాగితాలు సరిచేయించి, మూడు చోట్ల కాదన్న ఇంటికి రుణం ఇప్పించినవాడు ఆ అంకె చూపడానికి వెనకాడడు.

ఈ నియమాలు వచ్చేదాకా, కొత్త కుర్రాళ్లు నన్ను అడిగితే చెప్పేది చెబుతూనే ఉంటాను. ఒప్పందం ప్రతి చేతికిచ్చే చోటే చేరండి, రెండు మూడు ప్రభుత్వ బ్యాంకుల కోడ్‌లు కూడా ఉన్నవాళ్ల దగ్గరే చేరండి, వాళ్ల దగ్గర మానేసినవాణ్ని వెతికి బాకీ తీర్చారా అని అడగండి, కస్టమరు సంతకం లేనిదే రెండో చోట లాగిన్ వేయకండి. కానీ ఎల్బీనగర్ చౌరస్తాలో టీ తాగుతూ ఒకరికొకరం చెప్పుకునే జాగ్రత్తలు ఎంతమందికి చేరతాయి?

ఇందులో ఏ ఒక్కటైనా ముసాయిదాగా బయటికొస్తే తెలుగులో కూడా పెట్టించండి. సైఫాబాద్‌లోని మీ హైదరాబాదు కార్యాలయంలో ఒక పూట ఏజెంట్లను పిలిపించి వినండి. కార్పొరేట్ డీఎస్ఏల ప్రతినిధులతో పాటు కింది వరుసలో ఉన్న కనెక్టర్లను కూడా పిలవండి. ఒప్పంద పత్రాలు, ఎంఐఎస్ షీట్లు, ఆగిపోయిన పేఅవుట్‌ల లెక్కలు మేం తెస్తాం. కస్టమర్ల పేర్లు చెరిపేసి తెస్తాం.

ఇట్లు,
దిల్‌సుఖ్‌నగర్ నుంచి
ఒక గృహరుణ ఏజెంటు